జవాన్ల ప్రాణం లెక్కలేని అధికారి: చట్టం ఏమంటుంది, ఫిర్యాదు ఎలా నడుస్తుంది

గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, కంభం. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో మిలిటరీలో ఉన్నవాళ్లో, చేసి వచ్చినవాళ్లో లేని ఊరు అరుదు. వాన పడితేనే పంట అనుకునే మెట్ట సీమ కాబట్టి, ఇంటర్ అయిన పిల్లలు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు నోటిఫికేషన్ కోసం చీకటితోనే లేచి పరుగు తీస్తారు. ఆ ఇళ్లలో అప్పుడప్పుడు రాత్రిపూట ఒక ఫోను వస్తుంది: "నాయనా, మా కంపెనీ కమాండర్ మమ్మల్ని మనుషుల్లా చూట్టంలేదు. ఇంక నావల్ల కాదు, వచ్చేస్తా."

అవతల నుంచి వెళ్లే సలహా సాధారణంగా రెండే రకాలు. "ఓర్చుకో నాయనా" లేదా "పోతే పోయింది, వచ్చెయ్." మొదటిది పిల్లాణ్ణి లోపల నలిపేస్తుంది. రెండోది వాణ్ణి నేరస్థుణ్ణి చేస్తుంది. ఈ రెంటికీ మధ్య ఒక దారి చట్టంలోనే ఉంది. అది నిదానంగా నడిచే దారి, కాగితం మీద నడిచే దారి. ఆ సంగతి ఊళ్లలో చాలామందికి తెలియదు.

కఠినమైన ఆర్డరు వేరు, క్రూరత్వం వేరు

ముందు ఈ ముడి విప్పుకోవాలి. సైన్యంలో అధికారి పనే మనుషుల్ని ప్రమాదంలోకి పంపడం. గడ్డకట్టే చలిలో కాపలా వేశాడని, రాత్రంతా నడిపించాడని ఏ అధికారినీ క్రూరుడు అనలేం. చూడాల్సినవి మూడు. ఆ ఆర్డరుకు సైనిక ప్రయోజనం ఉందా? ప్రమాదం తగ్గించడానికి చేయగలిగిన ఏర్పాటు చేశాడా? తన సౌకర్యం కోసం, పేరు కోసం, కోపం కోసం జవాను ఒంటిని వాడుకుంటున్నాడా? 1932 డిసెంబరులో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ ప్రారంభంలో అప్పటి కమాండర్-ఇన్-చీఫ్ చెట్వుడ్ చెప్పిన వరుస ఇప్పటికీ అక్కడ తయారయ్యే ప్రతి అధికారికీ కంఠతా వస్తుంది: మొదట దేశ భద్రత, గౌరవం, క్షేమం, తర్వాత నీ కింద ఉన్న జవాన్ల గౌరవం, క్షేమం, సౌకర్యం, ఎప్పుడూ చివరన నీ సొంత సుఖం, నీ సొంత భద్రత. అధికారిని కొలవడానికి ఇంతకంటే సూటి కొలత లేదు. అది వాళ్లు పెట్టుకున్నదే.

ఈ వరుస తలకిందులైతే ఏమవుతుందో ఫ్రాన్సులో 1915 మార్చిలో జరిగింది. సువాన్ అనే ఊరి దగ్గర 336వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటుకు శత్రువు కందకాల మీద దాడి చేయమని ఆర్డరు వచ్చింది. అంతకుముందు ఫలించని దాడులతో ఆ జవాన్లు అలిసిపోయి ఉన్నారు. దాడికి ముందు తమ ఫిరంగుల గుళ్లే తమ వైపు పడ్డాయి. 21వ కంపెనీ కందకం దాటి కదల్లేదు. డివిజన్ కమాండర్ జనరల్ రెవెయ్యాక్ అప్పుడు ఇచ్చిన ఆర్డరు వింటే ఒళ్లు జలదరిస్తుంది: మన కందకాల మీదే ఫిరంగులు పేల్చండి, అప్పుడు బయటికొస్తారు.

అది నోటి ఆర్డరు. ఫిరంగి దళం కల్నల్ బెరూబే ఎదురు తిరగలేదు, వాదన పెట్టుకోలేదు. రాసి సంతకం పెట్టి ఇస్తేనే పేలుస్తానన్నాడు. ఆ కాగితం రాలేదు, ఫిరంగులు పేలలేదు. జనరల్ కోపం మాత్రం చల్లారలేదు. నలుగురు కార్పొరల్స్‌ను కోర్ట్ మార్షల్ చేసి మార్చి 17న కాల్చి చంపారు. వాళ్లలో ఒకరు తెయొఫిల్ మొపా, వృత్తికి బడి పంతులు. ఆయన భార్య బ్లాన్ష్ మొపా కూడా పంతులమ్మే. ఆమె కాగితం వెంట కాగితం కదిపి, ఒక్కో కోర్టూ తిరిగి, 1934లో ఆ నలుగురూ నిర్దోషులని తీర్పు తెచ్చుకుంది. దాదాపు 19 ఏళ్లు పట్టింది.

ఇందులో మనం పట్టుకోవాల్సింది బెరూబే అడిగిన సంతకం. క్రూరత్వం నోటి మాట మీద బతుకుతుంది. సంతకం పెట్టాల్సి వచ్చేసరికి ఎంతటి అధికారైనా ఒక్క క్షణం ఆగుతాడు. మన సైన్యంలో ఫిర్యాదు వ్యవస్థ మొత్తం పనిచేసేది ఈ ఆధారం మీదే.

ఆర్మీ యాక్టులో ఇరువైపులా ఏముంది

1950 ఆర్మీ యాక్టులో సెక్షన్ 47 అని ఒకటుంది. కింది ర్యాంకు వాడి మీద చేయి చేసుకున్నా, ఇంకే రకంగా హింసించినా ఆ అధికారికి, సుబేదారు స్థాయి జేసీఓకి, హవల్దారుకి ఎవరికైనా కోర్ట్ మార్షల్‌లో ఏడేళ్ల వరకు జైలు. అదే జవాను తిరగబడి పైఅధికారిని కొడితే సెక్షన్ 40. ఆ అధికారి డ్యూటీలో ఉండగా కొడితే 14 ఏళ్ల వరకు, లేకుంటే పదేళ్ల వరకు. ధిక్కారం కనిపించేలా ఆర్డరు తోసిపుచ్చితే సెక్షన్ 41 కింద మళ్లీ 14 ఏళ్ల దాకా పోతుంది. ఒకే దెబ్బకు పైవాడికి ఏడేళ్లు, కిందివాడికి 14 ఏళ్లు అంటే ఈ త్రాసు సమానం కాదు. ఇది అన్యాయమే అనిపించినా, కోపం వచ్చిన నిమిషంలో జవానుకు గుర్తుండాల్సిన లెక్క ఇదే.

సెక్షన్ 41లో "చట్టబద్ధమైన ఆర్డరు" అన్న మాట ఉంది. మరి మేడమ్ గారి కుక్కను తిప్పమంటే, బట్టలు ఉతకమంటే అది చట్టబద్ధమేనా? కాదు. అధికారికి తోడుగా వేసే జవానును సహాయక్ అంటారు. సహాయక్ పని అంటే అధికారి ఆయుధం, సామగ్రి, యూనిఫారం చూసుకోవడం, ఫీల్డులో వెన్నంటి ఉండడం వరకే. ఇంటి చాకిరీ అందులో లేదు. నేవీలో, ఎయిర్‌ఫోర్సులో ఈ పద్ధతే లేదు. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం దీన్ని ఎత్తేయమని 2008లోనే చెప్పింది. అయినా అక్కడికక్కడే "చేయను" అని మొహం మీద అనడం తెలివైన పని కాదు. అది చట్టబద్ధమా కాదా అన్నది తర్వాత తేల్చేది కూడా అధికారులే. ప్రాణాపాయం, నేరం లేని పనైతే చేసి, ఆ రోజే రాసి పెట్టుకుని, తర్వాత ఫిర్యాదు చేయడం మేలు. నేరం చేయమన్న ఆర్డరుకు, ప్రాణం మీదికి తెచ్చే వెర్రి ఆర్డరుకు మాత్రం ఈ సలహా చెల్లదు. అక్కడ బెరూబే చేసిన పనే చేయాలి: "సాబ్, లిఖితంగా ఇప్పించండి."

ఇక కమాండింగ్ ఆఫీసరు (సీఓ, యూనిట్ మొత్తానికి పైఅధికారి) సొంతంగా వేయగల శిక్షలు సెక్షన్ 80లో వరసగా ఉన్నాయి. 28 రోజుల వరకు మిలిటరీ కస్టడీ, 28 రోజుల వరకు లైన్లు (బ్యారక్‌లు) దాటకుండా కట్టడి, అదనపు గార్డు డ్యూటీలు, మందలింపు, నెలలో 14 రోజుల జీతం వరకు జరిమానా లాంటివి. కొట్టడం, బూతులు తిట్టడం, అన్నం ఆపడం, మోకాళ్ల మీద నడిపించడం ఆ జాబితాలో వెతికినా దొరకవు. యుద్ధ విధుల్లో వేసే ఫీల్డ్ పనిష్మెంటు సైతం ప్రాణానికి, అవయవానికి హాని చేసే రకంగా ఉండకూడదు. శిక్ష వేసే ముందు ఆర్మీ రూల్ 22 ప్రకారం ఆరోపణను జవాను ఎదుటే వినాలి. తనకు వ్యతిరేకంగా చెప్పే సాక్షిని ప్రశ్నించే హక్కు, తన సాక్షిని పిలిపించుకునే హక్కు జవానుకు ఉన్నాయి. "మార్చప్" అంటే టోపీ, బెల్టు తీసి లోపలికి నడిపించి రెండు నిమిషాల్లో బయటికి పంపేయడం మాత్రమే అనుకునే కుర్రాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి పంపాలి.

నలిపే పద్ధతులు

బయటివాళ్లు ఊహించుకునేది లాఠీలు, తన్నులు. అసలు క్రూరత్వం చాలావరకు రూల్సు చాటునే నడుస్తుంది.

మొదటి ఆయుధం సెలవు. రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అగ్నివీర్‌కు ఏడాదికి 30 రోజులే. సెలవు హక్కుగా దొరకదు, అధికారి ఇష్టం మీద, డ్యూటీ అవసరం మీద దొరుకుతుంది. అందుకే చెల్లెలి పెళ్లికి, తండ్రి ఆపరేషనుకు పెట్టుకున్న సెలవు కాగితం బల్ల మీదే ఉండిపోతుంది. 1917లో ఫ్రెంచి సైన్యం సగానికి సగం తిరగబడినంత పనైనప్పుడు జనరల్ పెటాన్ చేసిన మొదటి పనుల్లో ఒకటి నాలుగు నెలలకోసారి ఏడు రోజుల సెలవు ఖాయం చేయడం. సెలవు సైనికుడి మనసుకు ఎంత దగ్గరిదో దాన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది రగడా. పిట్టులో (వీపున మోసే సంచిలో) ఇటుకలో ఇసుకో నింపి ఎర్రటి ఎండలో పరుగెత్తించడం, ఫ్రంట్ రోల్స్ వేయించడం. దీనికి ట్రైనింగ్ అని పేరు పెడతారు. ఇక్కడ ఒక వైద్య విషయం ప్రాణం నిలబెడుతుంది. శక్తికి మించిన శ్రమతో కండరాలు చిట్లితే వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారడం, తొడలు, భుజాలు బిగుసుకుని వాయడం దాని గుర్తులు. వడదెబ్బ అయితే మాట తడబడుతుంది, మనిషి తూలతాడు. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగకుండా ఎంఐ రూముకు (యూనిట్ వైద్య పరీక్షల గదికి) చేరాలి. "నాటకాలాడుతున్నాడు" అని సిక్ రిపోర్టు (ఒంట్లో బాగాలేదని వైద్యుడి దగ్గరికి వెళ్లడం) ఆపే అధికారి చేసే తప్పు అన్నిటికన్నా పెద్దది. ఎందుకంటే ఆ పూట రికార్డులో లేని గాయం, రేపు డిసెబిలిటీ పెన్షన్ అడిగేటప్పుడు డ్యూటీలో తగిలిన గాయం అని రుజువు చేయడం కష్టం.

మూడోది ఎర్ర సిరా. కఠిన శిక్షలు జవాను సర్వీసు రికార్డైన షీట్ రోల్‌లో ఎర్ర సిరాతో, చిన్నవి నల్ల సిరాతో ఎక్కుతాయి. నాలుగు ఎర్ర ఎంట్రీలైతే "పనికిరాని సైనికుడు" అని ఆర్మీ రూల్ 13 కింద ఇంటికి పంపేసే పద్ధతి ఉంది. పగబట్టిన అధికారి చిన్న చిన్న తప్పులకు వరసగా ఎర్ర ఎంట్రీలు పడేలా చూస్తాడు. నాలుగు పడ్డాయి కదా, అయిపోయింది అని జవాన్లు సంతకం పెట్టేస్తుంటారు. అలా కాదు. 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: నాలుగు ఎంట్రీలు పడినంత మాత్రాన దానంతటది డిస్చార్జ్ కాదు. ప్రాథమిక విచారణ జరగాలి, షోకాజ్ నోటీసు ఇవ్వాలి, ఎన్నేళ్లు చేశాడో, ఎలాంటి కష్టమైన చోట్ల చేశాడో చూడాలి. షోకాజ్ వచ్చిందంటే అది జవాబు రాయాల్సిన కాగితం. ఒక్కో ఎంట్రీకి విడివిడిగా, తేదీతో, జరిగింది రాయాలి. "క్షమించండి, మళ్లీ చేయను" అని రాసిస్తే నాలుగూ ఒప్పుకున్నట్టే.

అగ్నివీర్‌ల పరిస్థితి ఇంకా సున్నితం. నాలుగేళ్ల తర్వాత ఒక బ్యాచ్‌లో 25 శాతం మంది వరకే రెగ్యులర్ అవుతారు, దానికి మధ్యలో వేసే మార్కులు లెక్కలోకి వస్తాయి. ఆ మార్కుల్లో చేయి ఉన్నవాళ్ల మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరికైనా భయమే. ఆర్మీ యాక్టులోని ఫిర్యాదు హక్కు వాళ్లకూ అంతే ఉంది, కానీ ఆ భయం పోయే ఏర్పాటు మాత్రం లేదు. ఇది వ్యవస్థలో ఉన్న లోపమే.

ఫిర్యాదు నడిచే మెట్లు

సెక్షన్ 26 జవాన్లకు, జేసీఓలకు ఫిర్యాదు హక్కు ఇస్తుంది. అన్యాయం జరిగిందనుకున్నవాడు తన కంపెనీ కమాండర్‌కు చెప్పుకోవాలి. ఫిర్యాదు ఆ కంపెనీ కమాండర్ మీదే అయితే ఆయన పైవాడికి, అంటే సీఓకి. సీఓ మీదే అయితే బ్రిగేడ్ కమాండర్‌కు. ఫిర్యాదు అందుకున్న అధికారి దాన్ని పూర్తిగా విచారించి తీరాలి, లేదా పైకి పంపాలి. "విచారించవచ్చు" అని కాదు, "విచారించాలి" అనే ఉంది చట్టంలో. చివరి మెట్టు ఆర్మీ చీఫ్.

కాగితం కంటే ముందు ఒక మెట్టుంది, దాన్ని దాటేయొద్దు. సీనియర్ జేసీఓ సాబ్, ఆ పైన సుబేదార్ మేజర్ సాబ్. పాతికేళ్లకు పైగా సర్వీసున్న సుబేదార్ మేజర్ మాటకు సీఓ దగ్గర విలువుంటుంది. చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. సీఓతో ఇంటర్వ్యూ కావాలని అడగడం జవాను హక్కే. ఎప్పుడు, ఎవరి ద్వారా అడిగాడో రాసి పెట్టుకోవాలి. యూనిట్ అంతా కూర్చునే సైనిక్ సమ్మేళన్‌లో లేచి సాధారణ సమస్యలు చెప్పొచ్చు: మెస్‌లో భోజనం, నీళ్లు, సెలవుల వంతు. ఒక అధికారి పేరెత్తి నిందించడానికి మాత్రం అది చోటు కాదు.

ఫిర్యాదు ఎలా రాస్తే నిలుస్తుందో నమూనాగా చూద్దాం. సాధారణంగా రాసేది ఇలా ఉంటుంది: "కంపెనీ కమాండర్ సాబ్ నన్ను ఆరు నెలలుగా చిత్రహింసలు పెడుతున్నారు. జవాన్లందరూ బాధపడుతున్నారు. న్యాయం చేయండి." ఇందులో విచారించడానికి ఏమీ లేదు. తేదీ లేదు, చోటు లేదు, సాక్షి లేడు. పైగా "జవాన్లందరూ" అన్న మాట రాసినవాడికే ఎదురు తిరుగుతుంది. నిలిచేది ఇలా ఉంటుంది: "మే 14న మధ్యాహ్నం 1.30 నుంచి 3 గంటల వరకు ఎంటీ పార్కు వెనక గ్రౌండులో పిట్టులో పది ఇటుకలు పెట్టించి నన్ను పరుగెత్తించారు. ఏ శిక్ష కింద అన్నది చెప్పలేదు. 2.45కి పడిపోయాను. నన్ను లేపింది ఫలానా నంబరు నాయక్. 4.10కి ఎంఐ రూములో చేరాను, రిజిస్టరులో ఎంట్రీ ఉంది. మరుసటి రోజు సిక్ రిపోర్టు అడిగితే ఇవ్వలేదు. దీనిపై విచారణ కోరుతున్నాను." విశేషణం ఒక్కటీ లేదు. ప్రతి వాక్యాన్నీ ఒక రిజిస్టరుతోనో ఒక మనిషితోనో సరిచూడొచ్చు. ఏం కావాలో చివర్లో ఒక్క ముక్కలో ఉంది.

రాసేటప్పుడు పెంచి రాయకూడదు. ఫిర్యాదులో అబద్ధమని తెలిసీ ఒకరి మీద మచ్చ వేసినా, ముఖ్యమైన సంగతి దాచినా సెక్షన్ 56 కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు విడగొట్టి రాయాలి. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద అందుకున్నవాళ్ల సంతకం, తేదీ అడగాలి. సంతకం పెట్టకపోతే ఎవరికి, ఎన్ని గంటలకు, ఎవరి ఎదుట ఇచ్చాడో డైరీలో రాసుకోవాలి. యూనిట్ లొకేషన్లు, ఆపరేషన్ వివరాలు ఆ డైరీలో రాయకూడదు, ఇంటికి వాట్సాప్‌లో పంపకూడదు.

విషయం కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ (సైన్యం లోపలి విచారణ సంఘం) దాకా వెళితే రూల్ 180 గుర్తుండాలి. విచారణ వల్ల ఎవరి ప్రవర్తనకైనా, సైనిక ప్రతిష్ఠకైనా మచ్చ వచ్చేటట్టుంటే అతణ్ణి మొత్తం విచారణలో కూర్చోనివ్వాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి. ఈ రూలు అధికారికీ వర్తిస్తుంది, జవానుకూ వర్తిస్తుంది. ఒకరోజు పిలిచి వాంగ్మూలం తీసుకుని పంపేస్తే, ఆ సంగతి తర్వాత ట్రిబ్యునల్‌లో పెద్ద ఆధారమవుతుంది.

బాధితుడే ముద్దాయి అయ్యే చోట్లు

అందరూ కలిసి సంతకాలు పెట్టడం మన ఊళ్లో బలం. సైన్యంలో అదే పెద్ద ప్రమాదం. ఉమ్మడి ఫిర్యాదు నిషిద్ధం. కలిసి అన్నం మానేయడం, కలిసి పరేడుకు రాకపోవడం తిరుగుబాటు దాకా లాగొచ్చు, ఆ సెక్షన్ 37లో మరణశిక్ష కూడా ఉంది. 2012 మేలో లడఖ్‌లోని న్యోమా దగ్గర ఒక ఆర్టిలరీ రెజిమెంటులో అధికారులు ఒక జవానును కొట్టారన్న దగ్గర మొదలైన గొడవ అధికారులకు, జవాన్లకు మధ్య కొట్లాటగా మారింది. చివరికి విచారణ వందమందికి పైగా తప్పు పట్టింది. మొదటి దెబ్బ తిన్నవాడి న్యాయం ఆ గుంపులో కలిసిపోయింది. పదిమందికి ఒకే బాధ ఉంటే పదిమందీ విడివిడిగా, ఎవరిది వాళ్లు, ఎవరికి జరిగింది వాళ్లు రాయాలి.

ఫోనులో వీడియో తీసి నెట్‌లో పెట్టడం ఇంకో ఉచ్చు. సెక్షన్ 21, రూల్ 21 సైనికుడి మాటకు హద్దులు పెట్టాయి. వీడియోలో చెప్పింది నిజమే అయినా, పెట్టినందుకు సెక్షన్ 63 కింద కేసవుతుంది, అసలు విషయం పక్కకు పోతుంది. పేరు లేని ఉత్తరం సాధారణంగా చెత్తబుట్ట పాలవుతుంది. ఎమ్మెల్యేతోనో ఎంపీతోనో సిఫారసు రాయిస్తే బయటి పలుకుబడి వాడాడని జవాను మీదే మరక పడుతుంది. భార్యగానీ తల్లిగానీ సీఓకు సొంత పేరుతో, సొంత సంతకంతో, ఇంటి ఇబ్బంది గురించి ఉత్తరం రాయడంలో మాత్రం తప్పేమీ లేదు. దానికి చాలాసార్లు జవాబు కూడా వస్తుంది.

ఫోనులో గొంతు మారితే, "నేనుంటే ఎంత పోతే ఎంత" లాంటి మాటలు వస్తే ఫిర్యాదు సంగతి తర్వాత. ఆ రాత్రే యూనిట్‌కు ఫోను చేసి సుబేదార్ మేజర్‌కు చెప్పాలి, పిల్లాణ్ణి ఒంటరిగా ఉంచొద్దని అడగాలి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడొచ్చు. సైనికులకు, వాళ్ల కుటుంబాలకు పుణెలోని సైనిక వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం 2023లో మొదలైంది.

లోపల తేలకపోతే

2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ఆంధ్రకు చెన్నై బెంచి. సర్వీసులో ఉన్నవాడు తను పోస్టింగులో ఉన్న చోటి బెంచికి వెళ్లొచ్చు. ముందు సైన్యం లోపలి ఫిర్యాదు మెట్లు ఎక్కి ఉండాలి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా వెళ్లాలి. ఫిర్యాదు పెట్టి ఆరు నెలలైనా జవాబు లేకపోతే, జవాబు లేదన్న కారణంతోనే వెళ్లొచ్చు. అందుకే ఆ అందుకున్న సంతకం అంత అవసరం. ఒక్క మెలిక: సెలవు, బదిలీ, పోస్టింగు ట్రిబ్యునల్ పరిధిలోకి రావు. డిస్మిస్ చేయడమో మూడు నెలలకు మించిన జైలో ఉంటే తప్ప యూనిట్‌లోనే సీఓ నడిపే సమ్మరీ కోర్ట్ మార్షల్ కూడా రాదు. వాటికి హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోలేదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది.

లాయరు ఖర్చుకు భయపడేవాళ్లు ఒంగోలులోనో నెల్లూరులోనో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. జవాను ఎక్కడో సరిహద్దులో ఉండగా ఇక్కడ పొలం గట్టు తగాదా, ఆస్తి పంపకం నడుస్తుంటే కుటుంబానికి ఉచితంగా న్యాయ సాయం చేసేందుకు జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సెలవు కోసం అధికారి కాళ్లు పట్టుకోవాల్సిన కారణాల్లో సగం ఇలాంటి తగాదాలే కాబట్టి, వాటిని ఇక్కడే తెంచగలిగితే అక్కడ ఆ అధికారి చేతిలో ఆయుధం ఒకటి తగ్గుతుంది.

అప్పటికే వచ్చేస్తే

చెప్పకుండా వచ్చేసినా, సెలవు అయిపోయాక వెళ్లకపోయినా మొదటి రోజు నుంచే జీతం ఆగుతుంది. యూనిట్ నుంచి జిల్లా పోలీసులకు పట్టివ్వమని కాగితం వస్తుంది, స్టేషను వాళ్లు ఇంటికొస్తారు. 30 రోజులు దాటితే సెక్షన్ 106 కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కూర్చుని గైర్హాజరును రికార్డు చేస్తుంది, ఆ తర్వాత అతను పారిపోయినవాడి కింద లెక్క. మామూలు గైర్హాజరుకు మూడేళ్ల వరకు, పారిపోయినందుకు ఏడేళ్ల వరకు, యుద్ధ విధుల్లో ఉండి పారిపోతే అంతకంటే ఘోరంగా శిక్ష ఉంటుంది.

కాబట్టి దాచిపెట్టకూడదు. తనంతట తాను వెళ్లి హాజరైనవాణ్ణి, పోలీసులు పట్టి తెచ్చినవాణ్ణి ఒకేలా చూడరు. నేరుగా యూనిట్‌కు వెళ్లడానికి భయమైతే రెజిమెంటల్ సెంటరులో హాజరు కావచ్చు. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, ఆర్టిలరీకి హైదరాబాద్, ఈఎంఈకి (వాహనాలు, యంత్రాల మరమ్మతు దళానికి) సికింద్రాబాద్, మద్రాస్ సాపర్స్‌కు బెంగళూరు. వెళ్లేముందు సీఓకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పెట్టాలి: ఫలానా కారణంగా వచ్చాను, ఫలానా తేదీన ఫలానా చోట హాజరవుతున్నాను అని. పోస్టు రసీదు, రైలు టిక్కెట్లు, ఒంట్లో బాగాలేక ఆగితే ప్రభుత్వ ఆసుపత్రి చీటీలు, పాత ఫిర్యాదు ప్రతులు అన్నీ వెంట తీసుకెళ్లాలి, జిరాక్సులు ఇంట్లో ఉంచాలి. ఊళ్లో మాజీ సైనికుడైన పెద్దాయన ఎవరైనా ఉంటే తోడు తీసుకెళ్లడం మంచిది. గేటు దగ్గర ఎవరికి అప్పగించారో, ఎన్ని గంటలకో ఆయన రాసుకుని వస్తే, హాజరైన తేదీ మీద తర్వాత తకరారు ఉండదు.